వంగిన స్టీలు స్కేలు



మీ ఇంట్లో పిల్లల పుస్తకాల మధ్య ఎక్కడో ఒక స్టీలు స్కేలు ఉండే ఉంటుంది, 30 సెంటీమీటర్లది. దాన్ని ఒకసారి తెచ్చుకుని బల్ల అంచున పెట్టండి. 5 సెంటీమీటర్లు బల్ల మీద ఉంచి అరచేత్తో గట్టిగా అదిమిపట్టండి. మిగతా 25 సెంటీమీటర్లు గాలిలో ఉంటాయి. ఆ కొసన దారంతో 100 గ్రాముల తూకం రాయి కట్టి వేలాడదీస్తే స్కేలు కిందికి వంగుతుంది. ఎంత వంగుతుంది? రాయి కట్టకముందే, ఉత్త స్కేలు వైపు చూస్తూ, ఒక అంకె చెప్పగలరా?

చెప్పొచ్చు. స్కేలు వెడల్పు 25 మిల్లీమీటర్లు, మందం 1 మిల్లీమీటరు అనుకుందాం. 100 గ్రాముల రాయి ఇంచుమించు 1 న్యూటన్ బలంతో లాగుతుంది. ఇంజనీరింగ్ రెండో ఏడాది పిల్లలకి కంఠతా వచ్చిన సూత్రం ఒకటుంది, పీఎల్ క్యూబ్ బై త్రీ ఈఐ అని. పీ అంటే బలం, ఎల్ అంటే పొడవు, ఈ అంటే ఉక్కు బిగువు, ఐ అంటే వెడల్పూ మందమూ కలిసిన అంకె. ఇవన్నీ వేస్తే జవాబు 12.5 మిల్లీమీటర్లు. ఇంచుమించు అరంగుళం. ఆ సూత్రంలో పొడవు ఘనంలో ఉంది, మందం కూడా ఘనంలోనే ఉంది. అంటే గాలిలో ఉన్న పొడవు రెట్టింపైతే వంపు 8 రెట్లవుతుంది. మందం రెట్టింపైతే వంపు 8వ వంతుకి పడిపోతుంది. ఈ రెండు ముక్కలు మనసులో ఉన్నవాడు దూలాన్ని చూసినా, బాల్కనీని చూసినా, చెట్టు కొమ్మని చూసినా ఒక అంచనాకి రాగలడు.

ఈ స్కేలుని కాసేపు బల్ల మీదే ఉంచండి. మళ్ళీ దాని దగ్గరికి వస్తాను.

నేను 22 ఏళ్ళుగా చేస్తున్న పనికి ఫైనైట్ ఎలిమెంట్ ఎనాలిసిస్ అని పేరు. తెలుగులో పరిమిత మూలకాల పద్ధతి అనొచ్చు కానీ, కాలేజీలోనూ కంపెనీలోనూ అందరి నోటా వినిపించేది ఎఫ్‌ఈఎం, ఎఫ్‌ఈఏ అనే మాటలే. మీ ఇంట్లో మెకానికల్, సివిల్, ఏరోనాటికల్ చదివే పిల్లలుంటే మీ చెవిన కూడా పడే ఉంటుంది. విమానం రెక్క, బస్సు చట్రం, ప్రెషర్ కుక్కర్ మూత, మోకాలికి అమర్చే కృత్రిమ కీలు, ఆనకట్ట గోడ, ఇలాంటివి తయారు చేయకముందే ఎక్కడ ఎంత ఒత్తిడి పడుతుందో కంప్యూటర్‌లో లెక్కకట్టి చూస్తారు. ఆ లెక్క నేర్చుకోవడం ఎలా, ఏది ముందు, ఏది తర్వాత అన్నదే ఈ పూట మీతో చెప్పాలనుకున్నది.

వాకిట్లో ముగ్గు వేసేవాళ్ళని గమనించారా? ముందు చుక్కలు పెడతారు. వాకిలి ఎంత పెద్దదైనా, పువ్వు ఎంత మెలికల పువ్వైనా, చేతికి కావలసింది చుక్కలే. ఏ చుక్క నుంచి ఏ చుక్కకి గీత వెళ్ళాలో తెలిస్తే చాలు, మిగతా ముగ్గంతా దానంతట అదే వస్తుంది. ఎఫ్‌ఈఎం చేసేది అదే. విమానం రెక్కలో కొన్ని కోట్ల బిందువులు కాదు, అనంతమైన బిందువులున్నాయి. ప్రతి దాని దగ్గరా ఒత్తిడి ఎంతో కనుక్కోవడం ఎవరి తరమూ కాదు. అందుకని రెక్క మీద చుక్కలు పెడతాం. వాటిని నోడ్స్ అంటారు. చుక్కల్ని కలిపితే చిన్న చిన్న గళ్ళు ఏర్పడతాయి. ఆ గడే ఎలిమెంట్. మనం లెక్క కట్టేది చుక్కల దగ్గర మాత్రమే. గడి లోపల ఏం జరుగుతుందో ఒక చిన్న సూత్రంతో అనుకుంటాం. చాలా సాదాగా, ఈ చుక్క నుంచి ఆ చుక్కకి కదలిక సమంగా మారుతుంది అనుకుంటాం. ఈ అనుకోవడం అన్న మాట దయచేసి గుర్తుంచుకోండి.

కాగితం, పెన్ను దగ్గర ఉంటే ఒక లెక్క రాసుకోండి. గోడకి ఒక స్ప్రింగు కట్టాం. దాన్ని 1 మిల్లీమీటరు సాగదీయడానికి 100 న్యూటన్లు కావాలి. దాని కొసకి రెండో స్ప్రింగు కట్టాం. దీనికి 1 మిల్లీమీటరుకి 200 న్యూటన్లు కావాలి. ఈ రెండోదాని కొస పట్టుకుని 1000 న్యూటన్లతో లాగుతున్నాం. ఇక్కడ మూడు చుక్కలున్నాయి. గోడ దగ్గరిది, స్ప్రింగులు రెండూ కలిసే చోటిది, మనం లాగుతున్నది. గోడ కదలదు. మొదటి స్ప్రింగు 10 మిల్లీమీటర్లు సాగుతుంది, రెండోది 5 సాగుతుంది. కాబట్టి మధ్య చుక్క 10, కొస చుక్క 15 మిల్లీమీటర్లు కదులుతాయి. నోటిలెక్కే.

ఇప్పుడు దీన్నే కంప్యూటర్ ఎలా చూస్తుందో చెప్తాను. మధ్య చుక్కని కదపబోతే రెండు స్ప్రింగులూ అడ్డుపడతాయి. అంటే అక్కడ రెండింటి బిగువూ కలిసి 300. ఆ చుక్కని ఎవరూ నేరుగా లాగడం లేదు కాబట్టి, 300 ఇంటూ మధ్య చుక్క కదలిక, అందులోంచి 200 ఇంటూ కొస చుక్క కదలిక తీసేస్తే సున్నా రావాలి. 300 పదులు 3000. 200 పదిహేన్లు 3000. సున్నా వచ్చింది. కొస చుక్క దగ్గర, 200 ఇంటూ 15 లోంచి 200 ఇంటూ 10 తీస్తే 1000. మనం లాగిన బలం అదే. ఇక గోడ ఎంత బలంతో వెనక్కి పట్టుకుంది? 100 ఇంటూ 10, అంటే 1000. మనం లాగిందీ గోడ లాగిందీ సరిసమానం.

ఎఫ్‌ఈఎం పునాది మొత్తం ఈ లెక్కలో ఉంది. చుక్క చుక్కకీ చుట్టుపక్కల ఎలిమెంట్ల బిగువు పోగేయడాన్ని అసెంబ్లీ అంటారు. ఆ అంకెల పట్టికే స్టిఫ్‌నెస్ మ్యాట్రిక్స్. మూడు చుక్కలకి మనం చేసిన పనిని కంప్యూటర్ పది లక్షల చుక్కలకి చేస్తుంది. విద్యార్థికి మొదటి వారంలోనే ఎదురయ్యే ఒక తప్పు కూడా ఈ స్ప్రింగులే విడమరిచి చెప్తాయి. గోడ తీసేసి లాగండి. స్ప్రింగులు రెండూ లాగినవాడి చేతిలోకి వచ్చేస్తాయి, ఎంత కదిలాయో చెప్పడానికి ఆధారమే లేదు. సాఫ్ట్‌వేర్‌లో ఎక్కడా పట్టు ఇవ్వకుండా రన్ బటన్ నొక్కితే మ్యాట్రిక్స్ సింగ్యులర్ అని ఎర్ర అక్షరాలు వచ్చేది ఇందుకే. ఈ స్ప్రింగుల లెక్క చేతితో చేసినవాడు ఆ ఎర్ర అక్షరాలు చూసి కంగారుపడడు, గోడ ఎక్కడ మర్చిపోయానా అని వెతుక్కుంటాడు.

ఈ పద్ధతి పుట్టుక గురించి ఒక మాట. త్రికోణాలుగా విడగొట్టి లెక్క కట్టవచ్చని రిచర్డ్ కూరాంట్ అనే గణితవేత్త 1943లోనే రాశారు. కానీ అప్పటికి ఆ లెక్కలు చేసే యంత్రాలు లేవు. 1952 వేసవిలో బర్క్‌లీ నుంచి రే క్లఫ్ అనే యువ అధ్యాపకుడు సియాటిల్‌లో బోయింగ్ కంపెనీకి వెళ్ళారు. డెల్టా రెక్క, అంటే త్రికోణాకారపు విమాన రెక్క, ఎంత బిగువుగా ఉంటుందో తేల్చడం ఆయనకి అప్పగించిన పని. అప్పటిదాకా అందరూ చేసినట్టు రెక్కని దూలాల అల్లికగా అనుకుని లెక్కకట్టారు. ఆ లెక్క, నమూనా రెక్క మీద కొలిచిన కొలతలతో కలవలేదు. మరుసటి వేసవిలో అక్కడి విభాగానికి పెద్దైన టర్నర్, రెక్క పైరేకుని త్రికోణపు ముక్కలుగా తీసుకుని చూడమన్నారు. అది కలిసింది. టర్నర్, క్లఫ్, మార్టిన్, టాప్ నలుగురి పేరుతో ఆ వ్యాసం 1956లో అచ్చయింది. ఫైనైట్ ఎలిమెంట్ అన్న పేరు పెట్టింది క్లఫ్, 1960లో.

ఈ కథలో నాకు అన్నిటికన్నా విలువైనదిగా తోచేది ఆ మొదటి వేసవి. లెక్క తప్పిందని వాళ్ళకి తెలిసింది. ఎందుకు తెలిసింది? పక్కన కొలిచిన రెక్క ఉంది కాబట్టి. అది లేకపోతే ఆ దూలాల లెక్కే ఖాయమైపోయేదేమో.

ఇక మన పిల్లల సంగతి. బీటెక్‌లో ఎఫ్‌ఈఎం ఒక సబ్జెక్టు. పరీక్షలో రెండు మెట్ల కడ్డీ లెక్క ఒకటి, త్రికోణపు ఎలిమెంట్ లెక్క ఒకటి వస్తాయి. పిల్లలు వాటిని అడుగు అడుగూ బట్టీపడతారు. తర్వాత ఉద్యోగం కోసం హైదరాబాద్ వచ్చి అమీర్‌పేటలో ఏదో ఒక గదిలో, రెండు మూడు నెలల కోర్సులో సాఫ్ట్‌వేర్ నేర్చుకుంటారు. ఏ మెనూలో ఏ బటన్ ఉందో వేళ్ళకి వచ్చేస్తుంది. బట్టీపట్టిన లెక్కకీ వేళ్ళకి వచ్చిన బటన్‌కీ మధ్య వంతెన మాత్రం ఎవరూ కట్టరు. ఇంటర్వ్యూలో నేను చాలామందిని అడిగాను, ఈ స్టీలు స్కేలు ఎంత వంగుతుందని. మంచి మార్కులు వచ్చిన పిల్లలు కూడా సాఫ్ట్‌వేర్ ఇస్తే చేసి చూపిస్తాం సార్ అంటారు. వాళ్ళ తెలివికి లోటు లేదు. అంకె ముందుగా చెప్పమని ఇంతవరకూ వాళ్ళని అడిగినవాళ్ళే లేరు.

సరే, ఇద్దాం సాఫ్ట్‌వేర్. ఆ స్కేలుని కంప్యూటర్‌లో గీద్దాం. ఎనిమిది మూలల ఇటుకల్లాంటి ఎలిమెంట్లతో, ఒక్కొక్కటి 5 మిల్లీమీటర్ల పొడవుతో, మందంలో ఒకే ఒక్క వరుసతో నింపుదాం. చూడడానికి చక్కగా ఉంటుంది, చదరాలు చదరాలుగా. ఒక కొస కదలకుండా బిగించి, రెండో కొసన 1 న్యూటన్ పెట్టి నడిపిద్దాం. పూర్తి ఇంటిగ్రేషన్ ఉన్న, అంటే గడి లోపలి లెక్కని ఏమీ తగ్గించకుండా చేసే, సాదా ఎలిమెంట్ అయితే, జవాబు 12.5 రాదు. ఇంచుమించు అందులో పదోవంతు దగ్గర, 1.2 మిల్లీమీటర్ల చుట్టుపక్కల ఆగిపోతుంది. ఎర్రర్ రాదు, హెచ్చరిక రాదు. నీలం నుంచి ఎరుపు దాకా ఇంద్రధనుస్సులా రంగుల బొమ్మ మాత్రం వస్తుంది. పైగా వంపు కంటికి కనబడేలా సాఫ్ట్‌వేర్ దాన్ని పెద్దది చేసి చూపిస్తుంది కాబట్టి, స్కేలు బాగానే వంగినట్టు ఉంటుంది.

ఎందుకిలా? గడి లోపల మనం ఒకటి అనుకున్నాం కదా, ఈ చుక్క నుంచి ఆ చుక్కకి సమంగా మారుతుందని. అలా అనుకున్న గడి అంచులు ఎప్పుడూ తిన్నటి గీతలే. స్కేలు వంగినప్పుడు దాని అంచు విల్లులా వంకర తిరగాలి. తిన్నటి గీత విల్లు కాలేదు. అందుకని గడి వంగడానికి బదులు పక్కకి ఒరుగుతుంది, ఆ ఒరగడంలో లేనిపోని బిగువు తెచ్చుకుంటుంది. దీన్ని షియర్ లాకింగ్ అంటారు. ప్రతి అంచు మధ్యలో ఇంకో చుక్క పెట్టండి. మూడు చుక్కలుంటే అంచు వంకర తిరగగలదు. తిన్నటి గీతల ముగ్గుకీ మెలికల ముగ్గుకీ ఉన్న తేడా అది. వెంటనే జవాబు 12.5 దగ్గరికి వచ్చేస్తుంది.

ముందుగా 12.5 అన్న అంకె చేతిలో ఉన్నవాడికి, 1.2 కనబడగానే మెడ వెనక జలదరిస్తుంది. లేనివాడు ఆ బొమ్మని రిపోర్టులో అతికిస్తాడు. ఎఫ్‌ఈఎం నేర్చుకోవడం అంటే నాకు తెలిసినంతలో ఈ జలదరింపు నేర్చుకోవడమే.

అది లేకపోతే ఏమవుతుందో 1991లో నార్వేలో చూశారు. స్లైప్నర్ ఎ అని, ఉత్తర సముద్రంలో 82 మీటర్ల లోతు నీళ్ళలో నిలబెట్టడానికి ఒక కాంక్రీటు కట్టడం కట్టారు. చమురు, సహజవాయువు తీసే వేదికకి అది పునాది. 24 పెద్ద కాంక్రీటు గొట్టాలు, గాదెల్లా, ఒకదానికొకటి ఆనుకుని ఉంటాయి. గుండ్రటి గాదెలు మూడు ఆనుకుంటే వాటి మధ్య త్రికోణంలాంటి సందు మిగులుతుంది కదా, ఆ సందులోకి సముద్రపు నీళ్ళు వస్తాయి. కట్టడం కిందికి దిగేకొద్దీ ఆ నీళ్ళు గోడల్ని నెడతాయి. ఆ సందు గోడలు ఎంత బలంగా ఉండాలో ఎఫ్‌ఈఎంతోనే లెక్కకట్టారు. కానీ అక్కడ గళ్ళు పెద్దవిగా, ఒరిగిపోయిన ఆకారంలో వేశారు. ఆ గోడలో షియర్, అంటే కత్తెరలా కోసే ఒత్తిడి, ఉండాల్సినదానికన్నా 47 శాతం తక్కువగా తేలింది. ఆ అంకెని నమ్మి, అక్కడ పెట్టాల్సినంత ఇనుము పెట్టలేదు.

1991 ఆగస్టు 23న స్టావాంగర్ దగ్గర ఒక ఫియర్డ్‌లో, పైన వేదిక అమర్చడానికి ముందు, కట్టడాన్ని నెమ్మదిగా నీళ్ళలోకి దింపుతున్నారు. 65 మీటర్ల లోతు దగ్గర గోడ పగిలింది. లోపలికి వచ్చే నీళ్ళని పంపులు తోడలేకపోయాయి. మొత్తం కట్టడం మునిగి, 220 మీటర్ల కింద సముద్రపు అడుగున పడి ముక్కలైంది. ఆ తాకిడికి భూకంప లేఖినుల మీద 3 తీవ్రత నమోదైంది. మనుషులు బతికి బయటపడ్డారు. నష్టం సుమారు 70 కోట్ల డాలర్లు. ప్రమాదం తర్వాత గళ్ళు జాగ్రత్తగా వేసి మళ్ళీ లెక్కకట్టారు. ఆ లెక్క చెప్పిన లోతు 62 మీటర్లు. నిజంగా పగిలింది 65 దగ్గర.

ఈ రెండు అంకెల్నీ పక్కపక్కన పెట్టుకుని నేను ఎన్నోసార్లు ఆలోచించాను. పద్ధతి మంచిదే. సరిగా వాడితే 3 మీటర్ల తేడాలో చెప్పగలిగింది. ఆ సందు గోడని ఒక మామూలు దూలంగా అనుకుని, కాగితం మీద నీటి ఒత్తిడి ఇంటూ పొడవు బై రెండు అని ఒక్క వరుస రాసుకున్నా, కంప్యూటర్ అంకె తక్కువగా ఉందని అనుమానం రావాలి.

నా సొంత అనుభవం ఒకటి చెప్తాను. ఉద్యోగంలో చేరిన మూడో ఏడాది, ఒక వాహనాల కంపెనీకి లారీ డీజిల్ ట్యాంకుని మోసే బ్రాకెట్టు లెక్క నేను చేశాను. నాలుగు బోల్టులతో చట్రానికి బిగించే ఉక్కు బ్రాకెట్టు. నేను ఆ నాలుగు బోల్టు రంధ్రాల్లోని చుక్కలన్నిటినీ కదలకుండా బిగించేశాను. ట్యాంకు బరువు, గతుకుల్లో ఎగిరిపడే బరువు అన్నీ పెట్టాను. ఒత్తిడి అనుమతించినదాంట్లో సగం కూడా లేదు. గళ్ళు సన్నం చేసి చూశాను, అంకె మారలేదు. సంతోషంగా రిపోర్టు ఇచ్చాను. నమూనా బండి మూడు వారాలు మట్టిరోడ్ల మీద తిరిగొచ్చాక, పరీక్షలు చేసే షెడ్డుకి రమ్మని కబురొచ్చింది.

అక్కడ పెద్దాయన ఒకరు, పాతికేళ్ళ అనుభవం ఉన్న టెక్నీషియన్, బ్రాకెట్టుని శుభ్రంగా తుడిచి ఎర్ర రంగు చల్లారు. కాసేపు ఆగి గుడ్డతో ఆ ఎరుపంతా తుడిచేశారు. తర్వాత తెల్లటి డెవలపర్ చల్లారు. సున్నం వేసినట్టు తెల్లగా అయిపోయింది. ఇద్దరం వంగి చూస్తున్నాం. నిమిషం గడిచాక, కింది బోల్టు రంధ్రం అంచు నుంచి వెంట్రుకంత ఎర్రగీత, తెలుపు మీద నెమ్మదిగా ఊరుతూ పైకి వచ్చింది. పగులులోకి దిగిన రంగు తిరిగి బయటికి రావడం అది. గోరంత పొడవు కూడా లేదు. ఆయన నన్ను ఒక్క మాట కూడా అనలేదు. "ఈ బ్రాకెట్ కట్టిన చాసిస్ కూడా మెలి తిరుగుతది కదా సార్, మీ బొమ్మల అదేది?" అని అడిగారు.

నా బొమ్మలో చాసిస్ లేదు. దాని స్థానంలో నేను కొండ పెట్టాను. కదలని, మెలి తిరగని కొండ. రోడ్డు మీద బండి ఒక చక్రం గుంతలో, ఒక చక్రం గట్టు మీద ఉన్నప్పుడు చట్రం మెలి తిరుగుతుంది, నాలుగు బోల్టులూ నాలుగు దిక్కులకి లాగుతాయి. నేను గళ్ళు ఎంత సన్నం చేసినా ఆ లాగుడు నా లెక్కలోకి రాదు. తప్పు మెష్‌లో, అంటే ఆ గళ్ళ అల్లికలో, లేదు, గోడ ఎక్కడుందని నేను అనుకున్నానో అందులో ఉంది. దీన్నే బౌండరీ కండిషన్ అంటారు. పుస్తకాల్లో దానికి రెండు పేజీలు ఉంటాయి. నా దృష్టిలో పనిలో సగం అదే.

కొత్తగా నేర్చుకునేవాళ్ళని తికమకపెట్టేవి మరికొన్ని ఉన్నాయి. రంగుల బొమ్మలో ఎరుపు అంటే ప్రమాదమని అర్థం కాదు, ఆ బొమ్మలో అక్కడ అన్నిటికన్నా ఎక్కువ ఉందని మాత్రమే. మన స్కేలులో బల్ల అంచు దగ్గర ఎర్రగా ఉంటుంది, కానీ అక్కడి ఒత్తిడి చదరపు మిల్లీమీటరుకి 60 న్యూటన్లే. రాయి తీసేస్తే స్కేలు మామూలుగా లేచి నిలబడుతుంది. ఇక బట్టల కొట్టులో గుడ్డ చింపేటప్పుడు అంచున కత్తెరతో చిన్న గాటు పెట్టి, తర్వాత చేతులతో లాగుతారు చూడండి. గాటు లేకపోతే గుడ్డ అంత సులువుగా చిరగదు. గాటు మొన దగ్గర ఒత్తిడి పోగవుతుంది. పదునైన లోపలి మూల ఉన్న వస్తువుని కంప్యూటర్‌లో గీసి గళ్ళు సన్నం చేస్తూ పోతే ఆ మూలలో ఒత్తిడి పెరుగుతూనే ఉంటుంది, ఎక్కడా ఆగదు, ఎందుకంటే సిద్ధాంతం ప్రకారం అక్కడ అది అనంతం. గుండ్రటి రంధ్రమైతే అలా కాదు. వెడల్పాటి రేకుకి చిన్న గుండ్రటి రంధ్రం పెట్టి లాగితే, రంధ్రం అంచున ఒత్తిడి మూడు రెట్లవుతుందని కిర్ష్ అనే జర్మన్ ఇంజనీరు 1898లో లెక్కకట్టి చెప్పారు. మీ సాఫ్ట్‌వేర్‌లో చేసి చూడండి, గళ్ళు సన్నం చేసేకొద్దీ 2.6, 2.8 అంటూ పెరిగి 3 దగ్గర స్థిరపడాలి. స్థిరపడేది ఏదో, పడనిది ఏదో ఈ రెండూ చేసి చూసినవాడికే తెలుస్తుంది.

కొలమానాల సంగతి ఇంకా మొరటుది. మిల్లీమీటర్లలో గీసినప్పుడు ఉక్కు సాంద్రతని ఘనపు మిల్లీమీటరుకి ఇన్ని టన్నులని ఇవ్వాలి, అంటే 7.85ని 100 కోట్లతో భాగించిన అంకె. పుస్తకంలో ఉన్నట్టు 7850 అని కొడితే వస్తువు బరువు లక్ష కోట్ల రెట్లవుతుంది. సాఫ్ట్‌వేర్ ఏమీ అనదు. కనుక మొదట చూడాల్సింది రంగుల బొమ్మ కాదు, మోడల్ బరువు ఎంతని రాసిందో ఆ వరుస, గోడ దగ్గరి బలాలన్నీ కలిపితే మనం పెట్టిన లోడు వచ్చిందా అన్న వరుస.

పుస్తకాల విషయానికొస్తే, తెలుగువాడిగా నాకు ఎంతో గర్వంగా ఉండే ముచ్చట ఒకటుంది. ప్రపంచమంతా చదివే ఎఫ్‌ఈఎం పాఠ్యపుస్తకాల్లో మనవాళ్ళవి చాలా ఉన్నాయి. వరంగల్ ప్రాంతంలో పుట్టి ఉస్మానియాలో ఇంజనీరింగ్ చదివిన జె.ఎన్. రెడ్డి గారి పుస్తకం 1984లో వచ్చింది. ఆయన టెక్సాస్ ఎ అండ్ ఎం విశ్వవిద్యాలయంలో ఆచార్యులు, 2019లో తిమొషెంకో పతకం అందుకున్నారు. ఆంధ్ర విశ్వవిద్యాలయంలో చదివిన సింగిరేసు రావు గారి పుస్తకం అంతకన్నా ముందే, 1982లో వచ్చింది. వరంగల్ ఆర్‌ఈసీలో చదివిన చంద్రుపట్ల తిరుపతి గారు, అశోక్ బేలెగుందు గారితో కలిసి రాసిన పుస్తకం 1991లో వచ్చింది. గుడివాడలో పుట్టిన అట్లూరి సత్యనాథం గారైతే గళ్ళే అక్కర్లేని మెష్‌లెస్ పద్ధతుల మీద పనిచేసి ప్రపంచ ప్రఖ్యాతి పొందారు. సొంతంగా చదువుకోవాలనుకునే విద్యార్థికి నేను మొదట చంద్రుపట్ల గారి పుస్తకమే చెప్తాను. అందులో దాదాపు ప్రతి అధ్యాయంలోనూ చేతితో చేసిన లెక్క ఉంటుంది, దాని పక్కనే అదే లెక్క చేసే చిన్న కంప్యూటర్ ప్రోగ్రాం ఉంటుంది. రెండూ చేసి, రెండు జవాబులూ కలిసేదాకా వదలొద్దు.

సాఫ్ట్‌వేర్ కొనే స్తోమత లేదని వెనకాడనక్కర్లేదు. ఫ్రీక్యాడ్ ఉచితం. దాని వెనక లెక్క చేసే కాల్‌క్యులిక్స్ ఉచితం. దాన్ని జర్మనీలో విమాన ఇంజన్లు తయారుచేసే సంస్థ ఉద్యోగులు ఇద్దరు మొదలుపెట్టారు. ప్రీపోమ్యాక్స్ అని ఇంకొకటి ఉంది, మొదటిసారి వాడేవాళ్ళకి అది మరీ సులువు. మన ఇస్రోలో, తిరువనంతపురంలోని విక్రమ్ సారాభాయ్ కేంద్రం వాళ్ళు రాకెట్ల కోసం ఫీస్ట్ అనే సాఫ్ట్‌వేర్‌ని సొంతంగా తయారుచేసుకున్నారు. ఐఐటీ ఆచార్యుల పాఠాలు ఎన్‌పీటీఈఎల్‌లో మొదటి నుంచి చివరిదాకా ఉచితంగా ఉన్నాయి. చిన్న ఊళ్ళో కూర్చుని, పాత ల్యాప్‌టాప్ మీద ఇదంతా నేర్చుకోవచ్చు. నేర్చుకుంటున్న పిల్లల్ని నేను చూస్తున్నాను.

వాళ్ళలో ఒక అమ్మాయి సంగతి చెప్పి ముగిస్తాను. పోయిన ఏడాది, ఆఖరి సంవత్సరం చదువుతూ నా దగ్గరికి వచ్చింది. ఈ స్కేలు లెక్కే ఇచ్చాను. స్కేలు తన బరువుకే కాస్త వంగి ఉంటుంది కాబట్టి, రాయి కట్టకముందు కొస ఎంత ఎత్తులో ఉందో, కట్టాక ఎంత ఎత్తులో ఉందో రెండూ కొలిచి తేడా తీయమన్నాను. ఇంటికి వెళ్ళి చేసి ఫోన్ చేసింది. "15 వచ్చింది సార్, 12.5 రాలేదు. లెక్క తప్పా, నేను తప్పా?" అని అడిగింది. స్కేలుని ఎలా పట్టుకున్నావమ్మా అన్నాను. అరచేత్తో అని చెప్పి, తనే ఒక్క క్షణం ఆగింది. అరచెయ్యి మెత్తగా ఉంటుంది, బల్ల అంచు దగ్గర స్కేలు కొంచెం లేస్తుంది, అది గోడ కాదు. ఆ మాట నేను చెప్పాల్సిన అవసరం రాలేదు.

మర్నాడు అమ్మమ్మ గారింట్లోని సన్నికల్లు తెచ్చి, స్కేలు మీద, సరిగ్గా బల్ల అంచు దాకా పెట్టి కొలిచింది. ఈసారి 13 వచ్చింది. ఇంకా ఆ అర మిల్లీమీటరు ఆమెకి మింగుడుపడలేదు. కాలేజీ వర్క్‌షాపుకి వెళ్ళి మైక్రోమీటరుతో స్కేలు మందం నాలుగు చోట్ల కొలిచింది. 1 మిల్లీమీటరు లేదు, 0.98 ఉంది. మందం ఘనంలో ఉంటుంది కాబట్టి 12.5 కాస్తా 13.3 అయింది. 100 గ్రాములంటే సరిగ్గా 1 న్యూటన్ కాదు, 0.98 న్యూటన్. అది కూడా వేస్తే 13.0. కాగితం మీద ఆ అంకె కింద రెండు గీతలు గీసి, నాకు ఫొటో పంపింది.

ఆ రాత్రి ఆమె సాఫ్ట్‌వేర్ తెరిచింది.